617 అంకెల సంఖ్య: విడగొట్టామంటున్నారు సరే, కారణాంకాలేవి?

ఆన్‌లైన్ సమాచారాన్ని రహస్యంగా ఉంచే ఆర్‌ఎస్‌ఏ అనే గణిత తాళం పగిలిందనీ, బ్యాంకు ఖాతాలన్నీ ఇక బట్టబయలేననీ మళ్లీ ప్రచారం మొదలైంది. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించడం తేలిక, వచ్చిన లబ్ధాన్ని విడగొట్టడం కష్టం అన్నదే ఆ తాళం. ఇది చాలామందికి తెలిసిందే. ఈ గొడవ అర్థం కావాలంటే నేరుగా 1994 ఏప్రిల్‌కు వెళ్లాలి.

ఆ నెలలో ఆర్‌ఎస్‌ఏ-129 అనే 129 అంకెల సంఖ్య లొంగిపోయింది. 1977లో ఈ సవాలు విసిరినప్పుడు దీన్ని విడగొట్టడానికి 400 కోట్ల కోట్ల సంవత్సరాలు పడుతుందని ఆర్‌ఎస్‌ఏ సృష్టికర్తల్లో ఒకరైన రివెస్ట్ అంచనా వేశారు. పట్టింది 17 ఏళ్లే. దాదాపు 600 మంది వాలంటీర్లు ఇంటర్నెట్ ద్వారా 1,600 యంత్రాలను 8 నెలలు నడిపారు. ఫ్యాక్స్ మెషిన్లను కూడా వదల్లేదు! అయితే యంత్రాల బలం ఒక్కటే చాలేది కాదు. అసలు మలుపు క్వాడ్రాటిక్ సీవ్ అనే పద్ధతి. 1977లో అది లేదు. పనికొచ్చే సంఖ్యలను జల్లెడ పట్టి ఏరుకునే పద్ధతి అది. చివరికి 64 అంకెలది ఒకటి, 65 అంకెలది ఒకటి, రెండు ప్రధాన సంఖ్యలు బయటపడ్డాయి. ఎవరైనా గుణించి చూసుకోవచ్చు.

అదే ఏడాది గణిత శాస్త్రవేత్త పీటర్ షోర్, క్వాంటమ్ కంప్యూటర్‌తో పెద్ద సంఖ్యలను వేగంగా విడగొట్టే పద్ధతిని ప్రకటించారు. అప్పటి నుంచి 'విరగ్గొట్టేశాం' అనే వార్తలకు కొదవ లేదు. 2022 డిసెంబరులో చైనా పరిశోధకులు 372 క్యూబిట్లతో (క్వాంటమ్ కంప్యూటర్‌లో సమాచారాన్ని మోసే మూల భాగాలు) 2048 బిట్ల, అంటే 617 అంకెల ఆర్‌ఎస్‌ఏను ఛేదించవచ్చన్నారు. వాళ్లు నిజంగా విడగొట్టి చూపింది 48 బిట్ల సంఖ్యను, అంటే 15 అంకెలు. 2024లో 'సైనిక స్థాయి' రక్షణ కూలిందని శీర్షికలు వచ్చాయి. అక్కడ విడిపోయింది 22 బిట్ల సంఖ్య. అది మామూలు ల్యాప్‌టాప్‌కు క్షణం పని.

భయపడేవాళ్ల వాదనలోనూ నిజం ఉంది. ఆర్‌ఎస్‌ఏ-2048కు 2 కోట్ల క్యూబిట్లు కావాలని 2019లో లెక్కగట్టిన క్వాంటమ్ పరిశోధకుడు గిడ్నీ, 2025 మేలో ఆ అంచనాను 10 లక్షల లోపుకు దించారు. అమరావతి క్వాంటమ్ వ్యాలీకి ప్రకటించిన ఐబీఎం యంత్రంలో ఉండేవి 156 క్యూబిట్లే. ఆ దూరం ఎప్పటికైనా తరుగుతుందనే అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో క్వాంటమ్ యంత్రాలకూ లొంగకుండా రూపొందించిన కొత్త తాళాలను ఖరారు చేసింది. మారాల్సిన పని ఉంది, నిజమే. కానీ తాళం ఇప్పటికే పగిలిందనడం వేరే మాట.

ఆర్‌ఎస్‌ఏ సవాలు సంఖ్యల్లో ఇప్పటివరకు విడిపోయిన అతి పెద్దది 250 అంకెలది, 2020 ఫిబ్రవరిలో. అదీ మామూలు కంప్యూటర్లతోనే. ఆర్‌ఎస్‌ఏ-2048 మొత్తం 617 అంకెలు, 25195908తో మొదలవుతుంది. అది విడిపోయిందనే వాళ్లు రెండు కారణాంకాలు రాసి ఇస్తే చాలు. సరిచూడటానికి ఒక్క గుణకారం.