నంబర్ ప్లేట్ లేని ఇంజిన్లు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఊడ్చేశాక రోడ్ల మీద కూలిన చెట్లను కోసిన రంపం మిషన్లు తాగిన పెట్రోలు వేరు. 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర మొంథా తీరం దాటాక కోతకు దిగిన మిషన్లు తాగిన పెట్రోలు వేరు. హుద్‌హుద్ ఏడాది దేశం మొత్తం మీద పెట్రోల్లో కలిసిన ఇథనాల్ సగటున 1.53 శాతం. మొంథా నాటికి అది 20 శాతం. మిషన్లు మాత్రం చాలాచోట్ల అవే. ఏడాదంతా షెడ్డులో మూల పడుండి, తుఫాను వచ్చిన రోజు తాడు లాగగానే స్టార్ట్ కావాల్సిన మిషన్లు.

ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, గొడవ మళ్లీ రాజుకుంది. మైలేజీ పడిపోయిందని బైకుల వాళ్లు, ఇంజిన్ పాడైతే ఇన్సూరెన్స్ ఇస్తారా అని కార్ల వాళ్లు అడుగుతున్నారు. ప్రభుత్వం జవాబు చెబుతోంది. ఆ ప్రశ్నల్లోనూ ఈ జవాబుల్లోనూ ఉన్నది నంబర్ ప్లేట్ ఉన్న బండే. మిరపతోటలో మందు కొట్టే తైవాన్ పంపు, పామాయిల్ తోటలో గడ్డి కోసే బ్రష్ కట్టర్, జామాయిల్ కొట్టే రంపం మిషన్, పవర్ వీడర్... వీటి ఊసు ఎక్కడా లేదు. ఇవీ అదే బంకులో, అదే గొట్టం నుంచి క్యానులో పోయించుకున్న పెట్రోలుతోనే నడుస్తాయి.

ఇలా ఎందుకైందో చెప్పడానికి 2003లో తొమ్మిది రాష్ట్రాల్లో 5 శాతంతో మొదలైన కథంతా చెప్పక్కర్లేదు. చెరకు బకాయిలు, మొలాసిస్ ధరలు, 2018 జీవ ఇంధన విధానం... అవన్నీ చాలాసార్లు చదివినవే. 2021 జూన్ దగ్గర ఆగితే చాలు.

అంతకుముందు 20 శాతం లక్ష్యానికి గడువు 2030. దాన్ని 2025కి లాగారు. అయిదేళ్లు ముందుకు జరిపాక ఎలా చేరాలో చెప్పే పత్రం కావాలి కదా. నీతి ఆయోగ్, పెట్రోలియం శాఖ కలిసి ఆ దారిపటం తయారుచేస్తే 2021 జూన్ 5న ప్రధాని విడుదల చేశారు. పాత కార్లలో 6–7 శాతం, పాత టూ వీలర్లలో 3–4 శాతం మైలేజీ తగ్గొచ్చని అందులోనే రాశారు. ఇప్పుడు అందరూ చూపిస్తున్న అంకెలు ఇవే. నా దృష్టిలో అసలు సంగతి ఆ అంకెల్లో కాదు, అదే పత్రంలోని ఒక సిఫారసులో ఉంది. 2022 ఏప్రిల్ నాటికి దేశమంతా ఈ10 రావాలి, ఆ తర్వాత కూడా పాత వాహనాలకు 'రక్షణ ఇంధనం'గా అది దొరుకుతూనే ఉండాలి, 2023 ఏప్రిల్ నుంచి ఈ20 మొదలుపెట్టాలి. క్లుప్తంగా ఇదీ ఆ సిఫారసు.

మొదటి ముక్క అనుకున్నదానికంటే ముందే అయింది. 10 శాతాన్ని గడువుకు అయిదు నెలల ముందే, 2022 జూన్‌లో అందుకున్నారు. చివరి ముక్కా తొందరగానే జరిగింది. 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో ప్రధాని ఈ20ని ప్రారంభించారు, 11 రాష్ట్రాల్లో 84 బంకుల్లో. మధ్య ముక్క మాత్రం జారిపోయింది. ఈ20 బంకులు పెరిగేకొద్దీ ఈ10 పక్కకు తప్పుకుంది. బంకులో రెండు గొట్టాలు ఉండాల్సింది, ఒక్కటే మిగిలింది.

ఆ సిఫారసులో కూడా తైవాన్ పంపు లేదు, నిజమే. ఉన్నది 'పాత వాహనాలు'. కానీ బంకులో ఈ10 గొట్టం ఒకటి ఉండి ఉంటే, క్యాను పట్టుకుని వచ్చిన రైతు అదే పోయించుకునేవాడు. అతని పేరు రాయకపోయినా అతనికీ దక్కేది. ఆ ఒక్క ముక్క జారిపోవడంతో తెలిసీ పక్కనపెట్టేసిన పాత బండ్లవాళ్లూ, లెక్కలోకే రాని రైతులూ ఒకే గొట్టం ముందు నిలబడ్డారు.

చిన్న ఇంజిన్‌కి ఈ సమస్య ఎందుకో జంగారెడ్డిగూడెం వైపు స్ప్రేయర్లు బాగుచేసే ఒక మెకానిక్ నాకు సీసాతో చూపించాడు. దగ్గు మందు సీసా కడిగి 10 ఎం.ఎల్. నీళ్లు పోసి, పెన్నుతో గీత పెట్టాడు. దాని మీద 50 ఎం.ఎల్. పెట్రోలు పోసి, మూత బిగించి ఊపి బల్ల మీద పెట్టాడు. రెండు నిమిషాల్లో అడుగున తేరిన నీళ్లు గీత దాటి ఇంచుమించు 20 దగ్గర ఆగాయి. పెట్రోల్లో ఉన్న ఇథనాల్ మొత్తం నీళ్లలోకి దిగిపోయిందన్నమాట. "చూశారా, నీళ్లు పెరగలేదండి, పెట్రోల్లోంచి దిగొచ్చింది. మన ట్యాంకులోనూ ఇంతే. ఫిల్టరేమో అడుగునే పడుంటుంది" అన్నాడు.

ఆఖరి మాట ముఖ్యం. స్ప్రేయర్, బ్రష్ కట్టర్ లాంటి టూ స్ట్రోక్ మిషన్లో ఇంజిన్ ఆయిల్‌కి వేరే చోటు లేదు. లీటరుకు 20 ఎం.ఎల్. లెక్కన టూటీ ఆయిల్ పెట్రోల్లోనే కలుపుతాం. ఇథనాల్, నీళ్లు విడిపోయి కిందికి దిగితే ఆయిల్ పైన పెట్రోల్లోనే ఉండిపోతుంది. అడుగునున్న ఫిల్టర్ లాగేది ఆయిల్ లేని నీళ్ల సారా. పిస్టన్ పట్టేయడానికి అది చాలు.

ఇక్కడ ప్రభుత్వం తరఫువాళ్లు చెప్పే మాటలో ఒక నిజం ఉంది. ఇథనాల్ ఎక్కువున్న పెట్రోలు ఎక్కువ నీళ్లను తనలో ఇముడ్చుకుంటుంది, కాబట్టి ఈ10 కంటే ఈ20 విడిపోవడానికి ఎక్కువ నీళ్లే కావాలి. ఒప్పుకుందాం. రోజూ తిరిగే బండి ట్యాంకులో ఆ స్థితి అంత తేలిగ్గా రాదు. మూత వదులైన క్యానులో, వానాకాలం, పాకలో నెలరోజులు పడి ఉన్న పెట్రోలు సంగతి వేరు.

రెండో చిక్కు గాలిది. కిలో పెట్రోలు పూర్తిగా మండటానికి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కి 9 కిలోలు చాలు. అంటే అదే గాలికి ఈ20 ఇంకాస్త ఎక్కువ పడాలి. ఇప్పటి కారులో, బీఎస్6 బైకులో సైలెన్సర్ దారిలోని ఆక్సిజన్ సెన్సర్ ఆ తేడా పసిగడుతుంది, కంప్యూటర్ సరిచేస్తుంది. స్ప్రేయర్‌కి కంప్యూటర్ లేదు. పెట్రోలును గాలిలో కలిపే, అగ్గిపెట్టెకు కాస్త పెద్దగా ఉండే కార్బొరేటర్, అందులో ఒక రబ్బరు పొర, ఎంత కొలిచారో అంతే వదిలే జెట్టు. పెట్రోలు చాలక ఇంజిన్ వేడెక్కుతుంది. పెట్రోలుతోనే వచ్చే ఆయిల్ కూడా చాలదు. ఆ రబ్బరు పొర ఇథనాల్‌కి తట్టుకునే రకం కాకపోతే బిరుసెక్కుతుంది. అప్పుడు తాడు ఎంత లాగినా పెట్రోలు అందదు. "చోక్ వేస్తేనే నడుస్తోంది, తీస్తే ఆగిపోతోంది" అని రైతు చెప్పాడంటే మెకానిక్ ఇంకేమీ అడగడు, కార్బొరేటర్ విప్పుతాడు.

ఇదంతా కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. మనం 5 శాతం కలపడానికే తంటాలు పడుతున్న రోజుల్లో అమెరికాలో ఇదే తగువు నడిచింది. 10 శాతం దాటి 15కి వెళ్లనివ్వమని 2009 మార్చిలో ఇథనాల్ కంపెనీలు అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏని అడిగాయి. అప్పటికే ఓక్ రిడ్జ్, ఎన్ఆర్ఈఎల్ అనే రెండు ప్రభుత్వ ప్రయోగశాలలు కార్లతో పాటు 28 చిన్న ఇంజిన్లను కూడా పరీక్షకు పెట్టాయి. ఇథనాల్ పెరిగేకొద్దీ ఇంజిన్ల వేడి పెరిగింది. మూడు గడ్డి కోసే మిషన్లలో ఐడిల్ వేగం పెరిగి క్లచ్ దానంతటదే పట్టుకుంది. అదెంత ప్రమాదమో బ్రష్ కట్టర్ భుజాన వేసుకున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. యాక్సిలరేటర్ వదిలేశాం, బ్లేడు ఆగిపోయింది అనుకుని అడుగు ముందుకు వేస్తాం. అది తిరుగుతూనే ఉంటుంది.

2010 అక్టోబరులో ఈపీఏ కొత్త కార్లకు ఈ15 అనుమతించింది, ఆ మరుసటి జనవరిలో 2001 నుంచి వచ్చిన మోడళ్లకు విస్తరించింది. చిన్న ఇంజిన్లకు, పడవలకు, మోటారు సైకిళ్లకు మాత్రం వద్దంది. వద్దని ఊరుకోలేదు. ఈ15 అమ్మే పంపు మీద, మిగతా పరికరాల్లో వాడితే పాడవుతాయి, పైగా చట్టవిరుద్ధం అని చెప్పే నారింజ రంగు స్టిక్కర్ అంటించాలని 2011లో నిబంధన పెట్టింది. 2013 నుంచి మిషన్ల తయారీదార్ల సంఘం 'పోయించుకునే ముందు చూసుకోండి' అని ప్రచారం మొదలుపెట్టింది. అక్కడ కూడా తయారీదార్లు గట్టిగా అరిచారు కాబట్టే ఆ స్టిక్కర్ వచ్చింది. మన దగ్గర అరవడానికి ఎవరున్నారు? తైవాన్ పంపు అమ్మే కొట్టుకు సీజన్లో నాలుగు పంపులు ఎక్కువ అమ్ముడైతే చాలు.

ఇక ప్రభుత్వ పక్షం. 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖ వివరంగానే జవాబిచ్చింది. 2014–15 నుంచి అప్పటివరకు 1.44 లక్షల కోట్ల రూపాయలకు పైగా విదేశీ మారకం మిగిలిందని, దాదాపు 245 లక్షల టన్నుల ముడిచమురు అవసరం తప్పిందని చెప్పింది. ఇంజిన్లు పాడవుతాయన్న భయాలకు ఆధారం లేదంది. కొన్ని పాత వాహనాల్లో 20,000 నుంచి 30,000 కిలోమీటర్లు తిరిగాక కొన్ని రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చాల్సి రావచ్చని, వాటి ఖర్చు తక్కువేనని అంది. కిలోమీటర్ల లెక్క స్ప్రేయర్‌కి ఎలా వేయాలో తెలియదు. దాన్ని మోసే మనిషి చేనులో సాళ్ల వెంట నడిచిన దూరం కొలవాలేమో.

మొక్కజొన్న రైతుకు మంచి ధర వచ్చిందన్న మాటనూ కొట్టిపారేయలేం. ఇప్పుడు ఇథనాల్‌లో పెద్ద వాటా చెరకుది కాదు, ధాన్యాలది. అయితే తెలంగాణలో ఆ ఫ్యాక్టరీలు వచ్చే ఊళ్ల కథ ఇంకోలా ఉంది. నారాయణపేట జిల్లా చిత్తనూరు, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్, గద్వాల జిల్లా పెద్ద ధన్వాడ, ఇలా వరసగా జనం రోడ్డెక్కారు. అది వేరే కథనం. ఇక్కడ చెప్పాల్సింది ఒక్కటే: మొక్కజొన్న అమ్ముకున్న చెయ్యీ, తర్వాతి పంటకు పంపు తాడు లాగే చెయ్యీ ఒకే మనిషివి.

బ్రెజిల్‌లో ఇలాంటి పెట్రోలుతో మిషన్లు నడవడం లేదా అని అడుగుతారు. నడుస్తున్నాయి. అక్కడ 2015 నుంచి 27 శాతం, 2025 ఆగస్టు 1 నుంచి 30 శాతం. కానీ బ్రెజిల్ రాత్రికి రాత్రి అక్కడికి చేరలేదు. దశాబ్దాలుగా అక్కడి మార్కెట్‌కి ఆ పెట్రోలుకు సరిపడే మిషన్లే వస్తున్నాయి. రంపం మిషన్లు చేసే స్టిల్ కంపెనీ మాన్యువల్ తీసి చూడండి. చేత్తో సరిచేసే కార్బొరేటర్ ఉంటే 10 శాతం దాటొద్దు అంటుంది. ఎం-ట్రానిక్ అనే ఎలక్ట్రానిక్ కార్బొరేటర్ ఉంటే 27 శాతం వరకు ఫర్వాలేదంటుంది. అంటే ఈ20కి సరిపోయే మిషన్ చేయడం అసాధ్యం కాదు. మన పొలాల్లో ఉన్నవి ఎక్కువగా మొదటి రకం.

ఇథనాల్ లేని పెట్రోలు కూడా దొరకాలని ఒక న్యాయవాది సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ వాదనలో 2021 దారిపటం ప్రస్తావన వచ్చింది. ఆ విధానం చెరకు రైతులకు మేలు చేస్తోందని అటార్నీ జనరల్ బదులిచ్చారు. 2025 సెప్టెంబరు 1న ప్రధాన న్యాయమూర్తి గవాయ్ ధర్మాసనం పిటిషన్‌ను కొట్టేసింది. రెండో గొట్టం ఆశ అక్కడితో పోయింది. మిగిలింది కొన్ని బంకుల్లో దొరికే 100 ఆక్టేన్ పెట్రోలు. ఇథనాల్ గోల తప్పుతుందని కొందరు దాని వైపు చూస్తున్నారు గానీ, 2020 డిసెంబరులో వచ్చినప్పుడే ఢిల్లీలో దాని ధర లీటరు 160 రూపాయలు. పంపుకు రోజుకు నాలుగైదు లీటర్లు పోసే కూలీ గుత్తకు అది ఎక్కడ గిట్టుబాటవుతుంది?

అందుకే జంగారెడ్డిగూడెం మెకానిక్ తన పద్ధతి తాను పెట్టుకున్నాడు. షాపుకు వచ్చిన ప్రతి మిషన్ ట్యాంకు ముందు ఖాళీ చేయిస్తాడు. సర్దే వీలున్న కార్బొరేటర్ అయితే స్క్రూ కొద్దిగా వదులు చేసి పెట్రోలు పెంచుతాడు, బ్లేడు ఐడిల్‌లో ఆగుతోందో లేదో చూసిగానీ మిషన్ చేతికివ్వడు. పని అయిపోయాక ఇంజిన్ దానంతటది ఆగిపోయేదాకా నడిపి పెట్టమని చెబుతాడు. ఆయిల్ కలపని పెట్రోలు క్యానులో వారం దాటి మిగిలితే పంపులో పోయొద్దంటాడు.

మరి ఆ పెట్రోలు ఏం చేస్తావు అని అడిగాను. బయట స్టాండ్ వేసి ఉన్న తన బైకు చూపించాడు. "దాన్లో పోసేస్తానండి. దానికేం కాదు, రోజూ తిరిగే బండి."