"నాకేం ఇబ్బంది లేదే డాక్టరు గారూ!": టైప్ 2 షుగర్ మీద అపోహలు, వాస్తవాలు

షుగర్ ఉందని చెప్పగానే చాలామంది ముందు అనే మాట ఇదే. ఆ వెంటనే "రిపోర్టు తప్పేమో, ఇంకోసారి చేయించమంటారా?" అని అడుగుతారు. అలా అడగడం సరైనదే. లక్షణాలేవీ లేనప్పుడు పరగడుపున షుగర్ 126 గానీ, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ యావరేజ్ చెప్పే రక్తపరీక్ష) 6.5 శాతం గానీ, అంతకంటే ఎక్కువ గానీ వస్తే ఇంకో పరీక్షతో సరిచూసుకున్నాకే షుగర్ అని తేల్చాలి. నాకు భయం వేసేది ఆ మొదటి మాట విన్నప్పుడే.

అపోహ: ఒంట్లో ఏమీ తెలియడం లేదు కాబట్టి షుగర్ కంట్రోల్‌లోనే ఉంది.

రక్తంలో గ్లూకోజ్ సుమారు 180 దాటేదాకా కిడ్నీలు దాన్ని మూత్రంలోకి పోనివ్వకుండా వెనక్కి లాక్కుంటాయి. అది దాటాకే గ్లూకోజ్, దాని వెంట నీళ్లూ బయటికి పోతాయి, దాహం, రాత్రిళ్లు పదేపదే లేవడం అప్పుడు మొదలవుతాయి. ఆ లోపు ఎన్నేళ్లు గడిచినా మీకు ఏమీ తెలియకపోవచ్చు. బ్రిటన్‌లో 1977లో మొదలై 1998లో ఫలితాలు వచ్చిన యూకేపీడీఎస్ అధ్యయనంలో, షుగర్ కొత్తగా బయటపడినవాళ్లకి అప్పటికే ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల పనితనం దాదాపు సగానికి పడిపోయి ఉందని లెక్కగట్టారు.

పాదాలు పరీక్షించేటప్పుడు కళ్లు మూసుకోమని, సన్నని నైలాన్ తీగ కొద్దిగా వంగేదాకా అరికాలికి ఆనించి, "తగిలినప్పుడు చెప్పండి" అంటాను. కొందరు నేను ఆనించి తీసేశాక కూడా మౌనంగానే ఉంటారు, ఇంకా మొదలే పెట్టలేదనుకుంటారు. షుగర్ వల్ల పాదాల నరాలు మొద్దుబారిన అలాంటివాళ్లు చెప్పులో చిన్న రాయి ఉన్నా రోజంతా నడిచేస్తారు, సాయంత్రం మేజోళ్ల మీద మరక కనిపిస్తే గానీ పుండు పడిన సంగతి తెలియదు. అందుకే రోజూ రాత్రి అరికాళ్లు, వేళ్ల సందులు కంటితో చూసుకోమంటాను, వంగలేనివాళ్లు కింద అద్దం పెట్టుకోవచ్చు. కళ్లదీ ఇదే కథ, చూపు బాగానే ఉండగా కంటి లోపలి రెటీనా పొరలో రక్తనాళాలు పాడవుతుంటాయి కాబట్టి షుగర్ బయటపడగానే ఒకసారి, ఆ తర్వాత మామూలుగా ఏడాదికోసారి చుక్కలు వేయించుకుని పరీక్ష చేయించుకోవాలి. కిడ్నీలకైతే రక్తంలో క్రియాటినిన్ పరీక్ష ఒక్కటే చాలదు, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందేమో కూడా చూడాలి, తేడా ముందు అక్కడే కనిపిస్తుంది.

అపోహ: తీపి మానేశాను, ఇంకేం కావాలి?

తీపి తగ్గించడం మంచిదే. కానీ అన్నం, ఇడ్లీ, చపాతీ లాంటి పిండి పదార్థాలన్నీ కడుపులో గ్లూకోజ్‌గానే మారతాయి. తీపి మానేసి పిండి పదార్థాలు రెట్టింపు తింటే మీటర్‌లో పెద్ద తేడా రాదు. తీపి ముట్టని వాళ్లకీ, సన్నగా ఉన్నవాళ్లకీ కూడా షుగర్ వస్తుంది, దాని వెనక వంశపారంపర్యం, కాలేయంలో, పాంక్రియాస్ (క్లోమం)లో చేరిన కొవ్వు ఉంటాయి.

అపోహ: రాత్రి ఏమీ తినలేదు, ఉదయం షుగర్ ఎక్కువ చూపిస్తోంది, మీటర్ పాడైంది.

మీటర్ బాగానే ఉండొచ్చు. తెల్లవారుజామున కాలేయం తను దాచుకున్న గ్లూకోజ్‌ను రక్తంలోకి వదులుతుంది. షుగర్ ఉన్నవాళ్లలో దాన్ని ఆపడానికి ఇన్సులిన్ బలం చాలదు. దీనికి భోజనం మానేయడం పరిష్కారం కాదు, ఇన్సులిన్ గానీ షుగర్ దించే మాత్రలు గానీ వాడేవాళ్లు అలా చేస్తే రాత్రి షుగర్ పడిపోయే ప్రమాదం కూడా ఉంది.

పరీక్షకు ముందు నాలుగు రోజులు గట్టిగా కట్టడి చేసి వచ్చేవాళ్లకి ఒక మాట. ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది, హెచ్‌బీఏ1సీ రెండు మూడు నెలల యావరేజ్ చెప్పేది అందుకే. పరగడుపు నంబరు ఒక్కటే చూసి నేను మందు తగ్గిస్తే నష్టపోయేది మీరు. తిన్నది తిన్నట్టే ఉండి రండి, ఎవరూ తిట్టరు. రక్తహీనత ఉంటే మాత్రం ముందే చెప్పండి, హెచ్‌బీఏ1సీ తప్పుదారి పట్టించవచ్చు.

అపోహ: మాత్రలు ఏళ్ల తరబడి వాడితే కిడ్నీలు పోతాయి.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే ఈ భయంతో మందులు ఆపేసినవాళ్లే ఆ తర్వాత కిడ్నీ జబ్బుతో వస్తుంటారు. కిడ్నీలను పాడుచేసేది అదుపులో లేని షుగర్, బీపీ. మెట్‌ఫార్మిన్ 1957 నుంచి వాడుకలో ఉన్న మందు, అది కిడ్నీలను దెబ్బతీయదు. కిడ్నీ ఇప్పటికే బాగా బలహీనపడి ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ ఎంత బాగా వడపోస్తోందో చెప్పే లెక్క) 30 లోపుకి వస్తే మాత్రం ఆపేస్తాం, ఆ మాట ఒకరి నోటి నుంచి ఒకరికి చేరేసరికి తిరగబడిపోయింది. దానితో నిజంగా వచ్చే ఇబ్బందులు మొదట్లో కడుపులో తేడా, ఏళ్ల తరబడి వాడితే కొందరిలో విటమిన్ బీ12 తగ్గడం. రెండూ సర్దుకునేవే.

అపోహ: ఇన్సులిన్ అంటే చివరి దశ, మొదలుపెడితే ఇక ఆపలేం.

ఇన్సులిన్ మీ ఒంట్లో పుట్టే పదార్థమే, చాలనప్పుడు బయటి నుంచి ఇస్తున్నాం, అలవాటు పడటం అంటూ ఉండదు. షుగర్ బాగా పెరిగిపోయి ఉన్నప్పుడు, ఆపరేషన్ ముందు, ఇన్ఫెక్షన్‌లో కొన్నాళ్లు వాడి మళ్లీ మాత్రలకు వచ్చేవాళ్లు చాలామందే. నేర్చుకోవలసిందల్లా షుగర్ పడిపోవడాన్ని గుర్తుపట్టడం. చెమటలు, వణుకు, గుండెదడ, మీటర్‌లో 70 కంటే తక్కువ. వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, 15 నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి.

చివరిగా "షుగర్ పూర్తిగా పోతుంది" అనేవాళ్లూ, "జన్మలో పోదు" అనేవాళ్లూ. బ్రిటన్‌లోనే జరిగిన డైరెక్ట్ (DiRECT) అనే అధ్యయనం ఫలితాలు 2017లో వచ్చాయి. షుగర్ వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లు, ఇన్సులిన్ వాడనివాళ్లు వైద్యుల పర్యవేక్షణలో రోజుకి సుమారు 850 కేలరీలతో కొన్ని నెలలు ఉండి బరువు తగ్గితే, ఏడాది తర్వాత 46 శాతం మందికి మందుల్లేకుండానే హెచ్‌బీఏ1సీ 6.5 లోపు ఉంది. దీన్ని రెమిషన్ అంటాం. బరువు తిరిగొస్తే షుగర్ కూడా చాలావరకు తిరిగొస్తుంది, కాబట్టి ఏటా పరీక్షలు తప్పవు. మీకు ఆ కోరిక ఉంటే మాత్రలు మీ అంతట మీరు ఆపేయకుండా ఆ మాటే మీ డాక్టరుతో సూటిగా చెప్పండి. బరువు తగ్గుతున్నకొద్దీ ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటి మందుల డోసు ముందుగా తగ్గించాలి, లేకపోతే షుగర్ పడిపోతుంది, బీపీ మాత్రలు కూడా ఒకసారి చూసుకోవాలి.