ఉడికిన మాంసం ఏ జంతువుదో ఎలా తెలుస్తుంది?

చిరంజీవి పిల్లలకు ఆశీస్సులు.

"ప్యాకెట్ మీద హలాల్ ముద్ర ఉంటుంది సరే, లోపలున్నది ఏ జంతువు మాంసమో ఎవరు చూశారు తాతయ్యా?" అని అడిగారు. ఇదే ప్రశ్న పట్టుకుని మలేసియా, ఇండోనేసియా విశ్వవిద్యాలయాల్లో ఎందరో ఏళ్లుగా పనిచేస్తున్నారు.

జంతువు కణాల్లో ఉండే డీఎన్‌ఏను, దాని లక్షణాలు రాసి ఉన్న ఒక పుస్తకం అనుకోండి. మాంసాన్ని నూరి ఉడికిస్తే ఆ పుస్తకం చిరిగి పేలికలవుతుంది. అయినా ఒక్క వాక్యం మిగిలితే చాలు. మా బడిలో అట్టలూడిన పుస్తకాల గుట్ట ఒకటి ఉండేది. రాలిన కాగితం ముక్క ఏ పుస్తకంలోదో చెప్పాలని పందేలు వేసుకునేవాళ్లం. లెక్కల పుస్తకం ఇట్టే దొరికిపోయేది, చరిత్ర, తెలుగు వాచకాల దగ్గరే తగువులు! పీసీఆర్ పరీక్ష చేసేదీ ఆ పనే. పంది డీఎన్‌ఏలో మాత్రమే ఉండే చిన్న వాక్యాన్ని వెతికి, దానికి లక్షల నకళ్లు తీస్తుంది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా అనే భాగాల్లోని డీఎన్‌ఏకు ఒక్కో కణంలో వందల ప్రతులుంటాయి కనుక తరచుగా అందులోనే వెతుకుతారు. జెల్లీ మిఠాయిల్లో వేసే జెలటిన్‌తోనే చిక్కంతా. ఎముకలను, చర్మాన్ని ఆమ్లంలోనో క్షారంలోనో నానబెట్టి తీస్తారు కాబట్టి అక్షరాలు దాదాపు చెరిగిపోతాయి. అప్పుడిక కాగితపు నారనే పట్టి చూడాలి, అంటే ప్రోటీన్ తునకలను పరీక్షించాలి.

2013లో ఐర్లాండ్ ఆహార భద్రతా సంస్థ 27 రకాల బీఫ్ బర్గర్లను పరీక్షించినట్లు ప్రకటించింది. వాటిలో 10 రకాల్లో గుర్రం డీఎన్‌ఏ, 23 రకాల్లో పంది డీఎన్‌ఏ బయటపడ్డాయి. తినేవాళ్లు నమ్మి తింటారు పిల్లలూ. ఆ నమ్మకాన్ని వమ్ము చేయడం ఏ మతం వారి విషయంలోనైనా తప్పే.

అయితే జంతువును ఏ పద్ధతిలో కోశారో, లారీలో దాని మాంసం పక్కన ఏ సరుకు పెట్టారో పీసీఆర్ చెప్పలేదు. అందుకే పరిశోధన ప్రయోగశాల దాటి గిడ్డంగులకు, రవాణాకు, బ్లాక్‌చెయిన్ లెక్కలకు (ఒకసారి రాశాక గుట్టుగా మార్చడం కష్టమైన కంప్యూటర్ చిట్టాలకు) విస్తరించింది. కొనేవారి మనసు మీదా బోలెడు పత్రాలు వచ్చాయి. ముస్లిం కొనుగోలుదారులకు సరుకులు అమ్మే తీరును చదివే ఇస్లామిక్ మార్కెటింగ్‌కు 2010లో ఏకంగా ఒక పరిశోధన పత్రికే మొదలైంది. నాకు మాత్రం వధశాలలో కత్తి పట్టేవారి పనిని, వారి కష్టాన్ని దగ్గరుండి చూసి రాసినవి ఇంకా రావాలనిపిస్తుంది.

ఈసారి జెల్లీ మిఠాయి ప్యాకెట్ చేతికొస్తే వెనక ఉన్న చిన్న అక్షరాలు చదవండి. జెలటిన్ అని ఉంటే, దేని నుంచి తీశారో రాశారా లేదా చూసి నాకు రాయండి.

ప్రేమతో,
తాతయ్య