తల్లిగారింటికి వెళ్లే గర్భిణి, వెంట వెళ్లవలసిన కార్డు

నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో తొలి కాన్పుకు ఆడబిడ్డను నెలలు నిండకముందే తల్లిగారింటికి తీసుకువస్తారు. గర్భంతో కొత్తగా వచ్చే రక్తపోటు 20 వారాలు దాటాక మొదలై, ఎక్కువగా చివరి నెలల్లోనే బయటపడుతుంది. తొలిచూలు వారికి ఆ ముప్పు మరీ ఎక్కువ. అంటే, బీపీని తరచుగా చూడవలసిన రోజుల్లోనే ఊరూ, ఏఎన్ఎమ్మూ, ఆసుపత్రీ మారిపోతున్నాయన్నమాట. పాత కొలతలున్న కార్డు అత్తగారింట్లోనే ఉండిపోతే, 136/86 చూసిన కొత్త నర్సుకు అది ఆమెకు మామూలేనో, 100/60 నుంచి ఎక్కిందో తెలిసే దారి లేదు.

పై అంకె 140 గానీ కింది అంకె 90 గానీ చేరి, కనీసం నాలుగు గంటల తరువాత మళ్లీ చూసినా అలాగే ఉంటే దానిని అధిక రక్తపోటుగా లెక్కించి, మూత్రంలో ప్రోటీన్ పోతున్నదేమో చూస్తారు. 160/110 అయితే అది అత్యవసరమే. చాలామందిలో మొదట ఏ బాధా ఉండదు. పాదాల వాపు మామూలు గర్భంలోనూ కనిపిస్తుంది కనుక దానిని బట్టి ఏమీ తేల్చలేము. కానీ తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, కుడి డొక్క పైన నొప్పి, ఉన్నట్టుండి ముఖం ఉబ్బడం వంటివి ఉంటే ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి.

ఈ రక్తపోటు మూలం మాయలో, అంటే కడుపులో బిడ్డకు రక్తం ద్వారా పోషణ అందించే మావిలో ఉన్నది. తొలి నెలల్లో గర్భాశయపు సన్నని ధమనులు వెడల్పు కావాలి. తూము పెంచకుండా ఆయకట్టు పెంచినట్టు, అవి ఇరుకుగానే మిగిలితే రక్తం చాలని మాయ నుంచి వెలువడే పదార్థాలు తల్లి రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి. మూత్రపిండాలు, కాలేయం, మెదడు అన్నిటికీ ఆ దెబ్బ తగులుతుంది. ఉప్పు మానేసినంత మాత్రాన ఇది ఆగదు.

లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా గర్భిణులకు వైద్యులు ఇచ్చే మందులు. ఇంట్లో పెద్దలు వాడే టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్ బిడ్డకు హాని చేస్తాయి. ముప్పు ఎక్కువున్న వారికి 16 వారాలలోపే తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడతారు. గుర్రపువాతమనే మూర్ఛల ప్రమాదాన్ని మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ సుమారు సగానికి తగ్గిస్తుందని 2002లో వెలువడిన ‘మాగ్‌పై’ (Magpie) అనే పరిశోధన తేల్చింది.

అసలు చికిత్స కాన్పే అయినా, బీపీ తరచుగా కాన్పు తరువాత మూడు నుంచి ఆరు రోజుల మధ్య, అంటే ఇంటికి చేరాక, బాగా పెరుగుతుంది. అప్పటి తలనొప్పిని చలిగాలి సోకిందని చెవులకు గుడ్డ కట్టి సరిపెట్టకుండా 108ను పిలిచి బాలింతను ఆసుపత్రికి తరలించాలి. వైద్యులు ఆపమనే దాకా మాత్రలు కొనసాగించాలి.