చర్చిలో మట్టలు, విస్తర్లు, వాన నీళ్ళు: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం జిల్లాలో ఒక చిన్న సంఘానికి కాపరిని. కొన్నేళ్ళుగా మా చర్చిలో చెత్త తగ్గించాలని, వాన నీళ్ళు నిలపాలని ప్రయత్నిస్తున్నాం. చుట్టుపక్కల సంఘాల పెద్దలు వచ్చి అడిగే అనుమానాలు దాదాపు ఒకేలా ఉంటాయి. అవే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: లోకం ఎలాగూ కాలిపోయేదే, మనకెందుకు?

వాస్తవం: భూమి కాలిపోతుందని చెప్పే పేతురు రెండో పత్రిక మూడో అధ్యాయం తెరిచి మరీ అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి తోటలు నేలకూలాయి. ప్రభువు త్వరగా వస్తాడని నమ్మే మన విశ్వాసులే మళ్ళీ కొబ్బరి మొక్కలు వేశారు. దేశవాళీ కొబ్బరి కాపుకు రావాలంటే ఆరేడేళ్ళు పడుతుందని తెలిసే వేశారు. ఆదికాండం రెండో అధ్యాయంలో తోటను సాగు చేయమని, కాయమని దేవుడు మనిషికి పని అప్పగించాడు. పాపం రాకముందే ఇచ్చిన పని అది. మొదటి అధ్యాయంలో భూమిని ఏలమన్న మాటను దీనితో కలిపి చదవాలి.

అపోహ: మొక్కలు, చెట్లు అంటూ తిరగడం ప్రకృతి పూజే.

వాస్తవం: కాదు. పట్టణాన్ని ముట్టడించినప్పుడు కూడా పండ్ల చెట్లు నరకొద్దని ద్వితీయోపదేశకాండం 20వ అధ్యాయం చెబుతోంది. దేవుడు చేసినదాన్ని పాడు చేయకపోవడం ఆయనకు లోబడటమే.

అపోహ: ఈస్టర్‌కు ముందు ఆదివారం, అంటే మట్టల ఆదివారానికి, చేత పట్టుకోవడానికి నాలుగు మట్టలు కోస్తే చెట్టుకేమవుతుంది?

వాస్తవం: ఎక్కడ కోశామన్న దాన్ని బట్టి ఉంటుంది. ఈత, తాటి, కొబ్బరి మానుకు పెరిగే చోటు ఒక్కటే, తలలోని మొవ్వ. ముదురు మట్ట కోస్తే చెట్టు తట్టుకుంటుంది. మొవ్వ లాగేస్తే ఆ మాను ఇక చిగురించదు. లేత ఆకు పసుపుగా, అందంగా ఉంటుందని ఒక ఏడాది మా యూత్ పిల్లలు చెరువు గట్టు మీద ఈత చెట్లకు మొవ్వలే లాగేశారు. వానలు పడేసరికి ఆరు చెట్లు ఎండిపోయాయి. ఈతాకుతో చీపుళ్ళు కట్టి అమ్ముకునే ఒక ముసలమ్మ నా దగ్గరికి వచ్చింది. "దేముడికని కోశారు కదాని ఊరుకున్నాను అయ్యగారూ" అంది. తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది. తర్వాతి ఆదివారం సంఘం ముందు ఆమెకు క్షమాపణ చెప్పాం. ఆ గట్టు మీదే ఈత గింజలు నాటాం, కొన్నే మొలిచాయి.

ఇప్పుడు చెట్టు ఎక్కడం తెలిసిన మనిషిని పిలిచి, చెట్టుకు రెండు ముదురు మట్టలకు మించకుండా కోయిస్తున్నాం. ఆరాధన అయ్యాక ఆ మట్టలు ఆమెకే ఇస్తాం.

అపోహ: పేపరు ప్లేటు వాడితే ప్లాస్టిక్ వాడనట్టే.

వాస్తవం: చాలా పేపరు ప్లేట్లకు, గ్లాసులకు లోపల పలుచని ప్లాస్టిక్ పూత ఉంటుంది. సాంబారు కారకుండా ఆపేది అదే. అవి మట్టిలో కలవవు, కాలిస్తే పొగ మన పిల్లలే పీలుస్తారు. ఇక ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, అలంకరణకు వాడే థర్మోకోల్ 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం. క్రిస్మస్‌కు థర్మోకోల్‌తో పశువుల పాక కట్టే సంఘాలు ఇది గమనించాలి. గడ్డి, వెదురు మన ఊళ్ళోనే దొరుకుతాయి, బెత్లెహేము పాకకు అవే నప్పుతాయి.

సంఘమంతా కలిసి తినే ప్రేమ విందుకు మేం అడ్డాకుల విస్తర్లు తెప్పిస్తాం. సీతంపేట, పార్వతీపురం కొండల్లో సవర, జాతాపు కుటుంబాలు ఆకు కోసి, ఎండబెట్టి, పుల్లలతో కుడతాయి. మొదటిసారి కట్ట విప్పి అలాగే వేసేశాం. ఎండిన ఆకు విరిగి, పప్పు చాప మీదికి కారింది. మళ్ళీ పేపరు ప్లేట్లే నయం అన్నారు కొందరు. స్త్రీల సమాజంలో ఒక పెద్దావిడ విస్తళ్ళ మీద నీళ్ళు చిలకరించి, తడిగుడ్డ కప్పి కాసేపు ఉంచమంది. ఆకు మెత్తబడింది. అప్పటి నుంచి ఇబ్బంది లేదు. ఎంగిలి విస్తర్లు చర్చి వెనక కొబ్బరి చెట్ల మధ్య గుంతలో వేస్తాం. నలభై, యాభై మంది కూడిక అయితే ఎవరి స్టీలు కంచం వాళ్ళు తెచ్చుకుంటారు.

రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్లకు ప్లాస్టిక్ కప్పులే శుభ్రం అన్నది కూడా అపోహే. గాజు కప్పులు సబ్బుతో కడిగి, మరిగిన నీళ్ళలో ఉంచితే ఏళ్ళ తరబడి వాడుకోవచ్చు.

అపోహ: ఇవన్నీ డబ్బున్న పెద్ద చర్చిలకే.

వాస్తవం: చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్ళు. మన జిల్లాల్లో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైనే కురుస్తుంది. అంటే 100 చదరపు మీటర్ల చిన్న చర్చి డాబా మీద కూడా లక్ష లీటర్లు పడతాయి. కొంత ఆవిరై, కొంత చెదిరిపోయినా మిగిలేది తక్కువేం కాదు. ఆ నీళ్ళను పైపులతో ఇంకుడు గుంతలోకి మళ్ళిస్తున్నాం. అందుకు మేం కొన్నది పైపులు, కంకర, ఇసుక. గుంత యూత్ పిల్లలే తవ్వారు. మరుగుదొడ్డి గుంతకు మాత్రం బాగా దూరంగా తవ్వాలి. వానలకు ముందే డాబా ఊడ్చి, పైపుల్లో ఆకులు తీసేయండి. మొదటి వాన నీళ్ళు బయటికి వదిలేసి, తర్వాతి వాన నుంచి గుంతలోకి మళ్ళించండి.