సెల్ఫ్ తిరగట్లేదా? విప్పే ముందు ఈ అపోహలు వదిలించుకోండి

ఆటో ఎలక్ట్రికల్ పని నేర్చుకునే రోజుల్లో ఒక కారుకి కొత్త సెల్ఫ్ మోటారు (ఇంజిన్‌ని తిప్పి స్టార్ట్ చేసే మోటారు) బిగించి, గర్వంగా తాళం తిప్పాను. పాతది ఎలా 'ఠక్' అని ఊరుకుందో కొత్తదీ అలాగే ఊరుకుంది. లోపం ఇంజిన్‌కి బిగించిన ఎర్త్ వైరు దగ్గరుంది. పైకి వైరు నిగనిగలాడుతోంది, బోల్టు విప్పితే లగ్ (వైరు చివరి లోహపు కొన) కింద తుప్పు.

అపోహ: లైట్లు వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది, కాబట్టి బ్యాటరీ బాగానే ఉంది.
హెడ్‌లైట్లకు పది ఆంపియర్ల చిల్లర చాలు. కారు సెల్ఫ్‌కి వంద, రెండొందలు, ఒక్కోసారి అంతకు మించి కావాలి. నిండా చార్జ్ అయిన బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపిస్తుంది కానీ, ఆ అంకె చూసి మురిసిపోకండి. సెల్ఫ్ కొడుతుండగా కొలవండి. 9.6 కంటే కిందికి పడిపోతే బ్యాటరీని అనుమానించాలి. బ్యాటరీ మంచిదని తేలితే, సెల్ఫే పట్టేసి ఎక్కువ కరెంటు లాగుతుండవచ్చు.

అపోహ: టిక్కుమంటే సోలినాయిడ్ (సెల్ఫ్‌కి కరెంటు కలిపే అయస్కాంత స్విచ్) పోయినట్టే.
ఏ టిక్కు? టకటకా వరసగా కొట్టుకుంటే దాదాపుగా బ్యాటరీ దిగిపోయిందనో, టెర్మినల్ వదులైందనో అర్థం. ఒక్కసారే గట్టిగా 'ఠక్' మంటే సోలినాయిడ్ లోపలి కాంటాక్టులు, కార్బన్ బ్రష్‌లు (మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించేవి), లావు వైర్లు, అన్నీ అనుమానితులే.

వైర్ల సంగతి తేల్చడానికి వోల్టు మీటరు ఒక కొన బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద పెట్టండి (వైరుని పట్టుకునే క్లాంపు మీద కాదు, పోస్టు మీదే), రెండోది సెల్ఫ్ బాడీ మీద. ఎవరినైనా తాళం తిప్పమనండి. 0.2 వోల్టులు దాటితే ఎర్త్‌లోనే ఎక్కడో అడ్డం ఉంది. పాజిటివ్ పోస్టు నుంచి సెల్ఫ్ పెద్ద బోల్టు దాకా 0.5 వరకూ సరిపెట్టుకోవచ్చు. అయితే సెల్ఫ్ కరెంటు లాగుతుంటేనే ఈ కొలతకు విలువ.

అపోహ: సుత్తితో తడితే బాగవుతుంది.
తిరుగుతుంది, నిజమే. అరిగిన బ్రష్ కాస్త కదిలి అంటుకుంటుంది, అంతే. ఇల్లు చేరడానికి పనికొస్తుంది.

అపోహ: చప్పుడే లేదంటే సెల్ఫ్ కాలిపోయింది.
ముందు ఆటోమేటిక్ బండిని న్యూట్రల్‌లో పెట్టి చూడండి, మాన్యువల్ అయితే క్లచ్ పూర్తిగా తొక్కండి. న్యూట్రల్‌లో ఉందా, క్లచ్ తొక్కారా అని కనిపెట్టే స్విచ్‌లు, ఫ్యూజ్, రిలే సరిగ్గా లేకపోతే సెల్ఫ్ దాకా కబురే వెళ్లదు. స్క్రూడ్రైవర్‌తో సోలినాయిడ్ బోల్టులు కలిపి చూసే అలవాటు మాత్రం మానండి. గేరులో ఉన్న బండి ఒక్కసారిగా ముందుకు దూకుతుంది, ఆ సమయానికి మీరుండేది దాని ఎదురుగానే.