"మతం, ఆచారం తప్ప": మలేసియాలో రెండు కోర్టుల వెనక కథ

2005 డిసెంబరులో కౌలాలంపూర్‌లో ఒక హిందూ మహిళ భర్త శవం కోసం కోర్టు మెట్లెక్కింది. ఆయన సైనికుడు. 1997లో ఎవరెస్ట్ ఎక్కిన మలేసియా బృందంలో సభ్యుడు. చనిపోవడానికి ముందే ఇస్లాం స్వీకరించాడని మత శాఖ అధికారులు చెప్పారు. కాదు, ఆఖరిదాకా హిందువుగానే బతికాడని భార్య చెప్పింది. ఆయన ముస్లిమేనని షరియా కోర్టు అప్పటికే తేల్చేసింది. ముస్లిం కాదు కాబట్టి అక్కడ ఆమెకు కక్షిదారుగా నిలబడే వీలే లేదు. అందుకే హైకోర్టుకు వచ్చింది. అది షరియా కోర్టు పరిధిలోని విషయం, మేం వేలు పెట్టలేం అని హైకోర్టు చెప్పేసింది. ఆయనను ముస్లిం పద్ధతిలో ఖననం చేశారు.

ఒక తలుపు ఆమె కోసం తెరుచుకోదు, రెండో తలుపు ఆమెను మొదటి తలుపు దగ్గరకే పంపిస్తుంది. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా "ముస్లిం దేశం కదా, అక్కడ అంతే" అనే మాట వినిపిస్తుంది. నేను ఆ మాట ఒప్పుకోను. ఆ తలుపులు రెండూ మధ్యయుగాల నాటివి కావు. వాటి కొలతలు తీసింది బ్రిటిష్ వలస పాలన. 1874లో ఒక ఒప్పందంలో రాసిన చిన్న వాక్యం దగ్గర ఈ కథ మొదలవుతుంది.

అంతకుముందు ఏముండేదో కొంచెం చెప్పుకోవాలి. మలయా ద్వీపకల్పంలో ఇస్లాంకు దొరికిన అతి పాత ఆధారాల్లో తెరంగాను శిలాశాసనం ఒకటి. 14వ శతాబ్దం నాటిదని అంటారు. అరబ్బీ లిపిలో మలయ్ భాష. విశేషం ఏమిటంటే అందులో దేవుడి పేరు "దేవత ములియ రాయ" అని ఉంటుంది. దేవత, రాయ అన్న మాటలకు తెలుగువాడికి నిఘంటువు అవసరం లేదు. కొత్త మతం పాత మాటలు వేసుకునే వచ్చింది. 1400 ప్రాంతంలో మలక్కా రాజ్యాన్ని స్థాపించిన రాజు పేరు పరమేశ్వర. ఆ రాజవంశమే తర్వాత సుల్తానుల వంశమైంది. వాళ్ళ న్యాయ సంహితలో ఒకే నేరానికి స్థానిక ఆచారం ప్రకారం ఒక శిక్ష, "దేవుడి చట్టం" ప్రకారం మరో శిక్ష పక్కపక్కనే కనిపిస్తాయి. ఆచారాన్ని వాళ్ళు ఆదత్ అంటారు. ఆదత్‌కీ మతానికీ మధ్య ఎవరూ గీత గీసి పెట్టుకోలేదు. నెగిరి సెంబిలాన్‌లో ఈనాటికీ కొన్ని కుటుంబాల్లో భూమి తల్లి నుంచి కూతురికి వెళుతుంది. షరియా వారసత్వ లెక్కకు అది సరిపోదు. అయినా వాళ్ళు నిష్ఠ గల ముస్లింలే.

మన తీరానికి కూడా ఈ ప్రపంచంతో సంబంధం ఉంది. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం నుంచి బట్టలు నింపుకుని ఓడలు సుమత్రాలోని అచే రేవుకు వెళ్ళేవి. తూర్పు తీరం నుంచి వచ్చిన వర్తకులను అక్కడివాళ్ళు "కెలింగ్" అనేవారు. కళింగ నుంచి వచ్చిన మాట అది. మలక్కాలో 18వ శతాబ్దపు కంపుంగ్ క్లింగ్ మసీదు ఇప్పటికీ ఆ పేరుతోనే ఉంది. ఈ మాటను ఇప్పుడు మలేసియాలోని భారతీయులు తిట్టుగా భావిస్తారు, అందులో న్యాయం ఉంది. కానీ అది పుట్టినప్పుడు కేవలం ప్రాంతం పేరు.

పోర్చుగీసువాళ్ళు 1511లో, డచ్చివాళ్ళు 1641లో మలక్కాను పట్టుకున్నారు. ఆ ఇద్దరూ రేవు మీద, వ్యాపారం మీద కన్నేశారు. లోపలి రాజ్యాల జోలికి గట్టిగా వెళ్ళలేదు. లోపలికి వెళ్ళింది బ్రిటిష్‌వాళ్ళు, అదీ తగరం కోసం.

పెరాక్ రాజ్యంలోని లారుత్ తగరపు గనుల దగ్గర చైనా కార్మికుల ముఠాలు కొట్టుకుంటున్నాయి. మరోవైపు సింహాసనం కోసం రాజకుటుంబంలో పోరు. బ్రిటిష్ గవర్నర్ ఆండ్రూ క్లార్క్ ఈ రెంటినీ అవకాశంగా తీసుకున్నాడు. 1874 జనవరి 20న పాంకోర్ ద్వీపం దగ్గర ఒప్పందం కుదిరింది. రాజా అబ్దుల్లాను సుల్తానుగా గుర్తిస్తారు. బదులుగా ఆయన తన దగ్గర ఒక బ్రిటిష్ రెసిడెంట్‌ను, అంటే ప్రభుత్వ ప్రతినిధిని పెట్టుకోవాలి. మలయ్ మతానికీ ఆచారానికీ సంబంధించినవి తప్ప మిగతా అన్ని విషయాల్లో ఆ రెసిడెంట్ సలహా అడగాలి, దాని ప్రకారం నడుచుకోవాలి.

సలహా అడిగి తీరాలి, పాటించి తీరాలి. అలాంటప్పుడు అది సలహా ఎలా అవుతుంది, హుకుం అవుతుంది గానీ. హైదరాబాద్ కోఠిలోని రెసిడెన్సీ భవనం చూసినవాళ్ళకు ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. మినహాయింపు కూడా భారతదేశంలో అలవాటైన పద్ధతే. పెళ్ళి, వారసత్వం లాంటి విషయాల్లో ముస్లింలకు ఖురాన్ చట్టం, హిందువులకు శాస్త్రాలు అని 1772లోనే వారెన్ హేస్టింగ్స్ బెంగాల్‌లో విభజించి పెట్టాడు.

పెరాక్ మొదటి రెసిడెంట్ బర్చ్. పన్నుల వసూలు తన చేతిలోకి తీసుకోబోయాడు, అప్పు బానిసత్వం మీద ప్రభువులతో తగాదా పడ్డాడు. 1875 నవంబరులో పాసిర్ సలాక్‌లో నది ఒడ్డున అతన్ని చంపేశారు. బ్రిటిష్ సైన్యం వచ్చింది, నిందితులను ఉరి తీశారు, సుల్తానును సీషెల్స్ దీవులకు పంపేశారు. తర్వాత వచ్చిన రెసిడెంట్లు మెత్తగా మాట్లాడారు. పట్టు మాత్రం సడలలేదు.

ఇక్కడ జరిగింది నాకు ఈ చరిత్ర మొత్తంలో అతి ముఖ్యమైనదిగా కనిపిస్తుంది. ఖజానా, పోలీసులు, భూమి, గనులు, రోడ్లు అన్నీ సుల్తానుల చేయి దాటిపోయాయి. మిగిలింది మసీదు, ఖాజీ (ముస్లిం న్యాయాధికారి), జకాత్ (ముస్లింలు ఇచ్చే మత దానం), పెళ్ళి, విడాకులు. రాజరికం అంతా వచ్చి ఆ ఒక్క గదిలో కూర్చుంది. కూర్చున్నాక ఆ గదిని గట్టిగా కట్టుకోక ఏం చేస్తుంది? 1915లో కెలంతన్ సుల్తాను ఆధ్వర్యంలో మతం, మలయ్ ఆచారాల మండలి ఏర్పడింది. జకాత్ వసూలుకు లెక్కలు, పద్దులు, జీతాల మీద మనుషులు వచ్చారు. మిగతా రాష్ట్రాలూ ఆ దారి పట్టాయి. పెళ్ళిళ్ళకు రిజిస్టర్లు వచ్చాయి, ఖాజీలకు నియామక పత్రాలు వచ్చాయి. ఊళ్ళో గురువు చెబితే నడిచే మతం పోయి ఆఫీసులో ముద్ర పడితే చెల్లే మతం వచ్చింది. బ్రిటిష్ దొర తాను ముట్టుకోనన్న మతం, ఆ దొర పద్ధతిలోనే ఫైళ్ళుగా మారిపోయింది.

దీన్ని అప్పుడే ప్రశ్నించిన ముస్లింలు ఉన్నారు. 1906లో సింగపూర్‌లో "అల్ ఇమాం" పత్రిక మొదలైంది. కైరో, మక్కా చదువుల గాలి సోకిన ఆ రచయితలు గుడ్డిగా పాతదాన్ని పట్టుకుని వేలాడొద్దు, ఆడపిల్లలను చదివించండి, మూల గ్రంథాలు మీరే చదవండి అన్నారు. వాళ్ళను "కౌమ్ మూడా", అంటే కుర్ర వర్గం అన్నారు. ఎదుటివాళ్ళు "కౌమ్ తువా", పెద్దల వర్గం. రాష్ట్రాల మత మండళ్ళు సాధారణంగా పెద్దల వైపే నిలిచాయి. సుల్తాను అనుమతి లేకుండా మతం గురించి బోధించకూడదు, ప్రచురించకూడదు అనే నిబంధనలు వచ్చాయి. ఇస్లాం లోపలి చర్చకు కూడా ప్రభుత్వ లైసెన్సు కావాల్సి వచ్చిందన్న మాట. ఆ కుర్ర వర్గం ఆశలు అక్కడే చాలావరకు ఇరుక్కుపోయాయి, నాకు అది నిజంగా బాధ కలిగించే విషయం.

రెండో ముడి భూమి దగ్గర పడింది. రబ్బరు ధర పెరిగేసరికి మలయ్ రైతులు పొలాలు అమ్ముకోవడం మొదలుపెట్టారు. దాన్ని ఆపాలని 1913లో మలయ్ రిజర్వేషన్ భూముల చట్టం తెచ్చారు. మలయ్ భూమి మలయ్‌కే అమ్మాలి. మరి మలయ్ అంటే ఎవరు? చట్టానికి నిర్వచనం కావాలి. మలయ్ జాతులలో ఏదో ఒకదానికి చెంది, మలయ్ భాష మాట్లాడుతూ, ఇస్లాంను అనుసరించేవాడు అని రాశారు. ఇస్లాంలో చేరడాన్ని జనం ముందునుంచీ "మసుక్ మెలయు", మలయ్‌లో చేరడం అనేవారు. ఆ వాడుక మాట ఇప్పుడు భూమి హక్కుకు ఆధారమైంది. మతం మారితే దేవుడొక్కడే మారడు, పొలం పత్రం కూడా కదులుతుంది.

అదే కాలంలో తోటల్లోకి, గనుల్లోకి లక్షల మంది వచ్చి పడ్డారు. చైనా నుంచి, తమిళ జిల్లాల నుంచి, తెలుగు జిల్లాల నుంచి. దిగువ పెరాక్‌లోని బాగాన్ దాతోహ్ కొబ్బరి తోటల్లో తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. 1955లో మలయా ఆంధ్ర సంఘం ఏర్పడింది. తోట వేరు, గని వేరు, పొలం వేరు. తమిళుడు, తెలుగువాడు, చైనావాడు, మలయ్‌వాడు ఒకరి పక్కన ఒకరు బతికారు, కలిసి బతికే అవకాశం పాలకులు పెద్దగా ఇవ్వలేదు. 1931 జనగణన నాటికి సింగపూర్‌తో కలిపిన బ్రిటిష్ మలయాలో మలయ్‌లు సగం కన్నా తక్కువ. సొంత ఊళ్ళో మైనారిటీ అయిపోతున్నామన్న భయం అప్పుడు పట్టుకుంది, ఇప్పటికీ వదల్లేదు.

1946లో బ్రిటిష్‌వాళ్ళు మలయన్ యూనియన్ తెచ్చి సుల్తానుల దగ్గర మతం తప్ప ఇంకేమీ మిగల్చలేదు, అందరికీ సులువుగా పౌరసత్వం అన్నారు. మలయ్ జనం టోపీలకు తెల్ల గుడ్డ చుట్టుకుని సంతాపం పాటించారు. మలయ్‌ల పార్టీ అమ్నో ఆ కోపంలోనే పుట్టింది. రెండేళ్ళలో యూనియన్ రద్దయింది.

కోర్టు, మతం, కుటుంబం ఒకచోట గుద్దుకుంటే ఏమవుతుందో 1950లో సింగపూర్ చూసింది. జపాన్ ఆక్రమణ కాలంలో జావాలో ఒక డచ్ కుటుంబం బిడ్డను ఒక ముస్లిం మహిళ పెంచుకుంది. ఆ అమ్మాయి నద్రాగా, ముస్లింగా పెరిగి, 13 ఏళ్ళకే పెళ్ళి కూడా చేసుకుంది. కన్నవాళ్ళు కేసు వేశారు. ఆ పెళ్ళి చెల్లదు, పిల్లను కన్నవాళ్ళకు ఇవ్వండి అని వలస కోర్టు తీర్పు ఇచ్చింది. ఆమెను కాన్వెంట్‌లో ఉంచారు. మేరీమాత విగ్రహం దగ్గర ఆమె ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. డిసెంబరు 11న అల్లర్లు మొదలై 18 మంది చనిపోయారు. పెంచిన తల్లి కన్నీళ్ళు, కన్నతల్లి కన్నీళ్ళు రెండూ నిజమే. సివిల్ కోర్టు ఇస్లాంకు శత్రువు అనే జ్ఞాపకం మాత్రం అక్కడ చాలా లోతుగా దిగింది.

స్వాతంత్ర్యం ముందు రాజ్యాంగం రాయడానికి రీడ్ కమిషన్ వచ్చింది. ఐదుగురు సభ్యుల్లో ఒకరు భారతదేశం నుంచి, ఒకరు పాకిస్తాన్ నుంచి. దేశానికి అధికార మతం పెట్టొద్దని మొదట్లో కోరింది ఎవరో కాదు, సుల్తానులే. కేంద్రానికి మతం ఉంటే తమ చేతిలో మిగిలిన ఆ ఒక్క గది కూడా పోతుందని వాళ్ళ భయం. చివరికి పాలక కూటమి ఒత్తిడితో మూడో అధికరణం వచ్చింది: ఇస్లాం సమాఖ్య మతం, ఇతర మతాలనూ శాంతి సామరస్యాలతో ఆచరించవచ్చు. 160వ అధికరణంలో మలయ్ నిర్వచనం పెట్టారు. ఇస్లాంను అనుసరించడం, మలయ్ భాష అలవాటుగా మాట్లాడటం, మలయ్ ఆచారాన్ని పాటించడం. 1913 భూమి చట్టం నీడ అందులో కనిపిస్తుంది. ఇస్లామిక్ చట్టం, మలయ్ ఆచారం రాష్ట్రాల జాబితాలోకి వెళ్ళాయి. ఇది పాంకోర్ మినహాయింపే, కొత్త చొక్కా వేసుకుని వచ్చింది.

తర్వాత మూడు దశాబ్దాలూ షరియా కోర్టులు చిన్నచిన్న ఆఫీసుల్లా నడిచాయి. 1969 మే 13న మలయ్‌లకూ చైనీయులకూ మధ్య జరిగిన అల్లర్ల తర్వాత దేశం మారిపోయింది. 1971 కొత్త ఆర్థిక విధానం మలయ్ యువతను పల్లె నుంచి యూనివర్సిటీకి తెచ్చింది. ఊరూ ఆదత్ వెనకబడ్డాయి, నగరంలో గుర్తింపుగా మతం మిగిలింది. 1971లోనే పుట్టిన అబీమ్ అనే యువజన సంస్థ ఆ తరానికి గొంతైంది. దానికి నాయకుడిగా పేరు తెచ్చుకున్న అన్వర్ ఇబ్రహీం 1982లో ప్రధాని మహతీర్ పార్టీ అమ్నోలో చేరాడు. 1983లో ఇస్లామిక్ బ్యాంకు, అంతర్జాతీయ ఇస్లామిక్ యూనివర్సిటీ వచ్చాయి. అటు ఇస్లామిక్ పార్టీ పాస్, ఇటు అమ్నో, ఎవరు ఎక్కువ ముస్లిం అనే పోటీలో పడ్డాయి.

1988లో రెండు విషయాలు జరిగాయి. వాటిని కలిపి చూడాలి. మరణశిక్ష విధించే చట్టం ఇస్లాంకు విరుద్ధమన్న వాదనను సుప్రీంకోర్టు కొట్టేసింది. బ్రిటిష్ పాలన ఇస్లాంను పెళ్ళి, విడాకులు, వారసత్వానికి కుదించిందనీ, రాజ్యాంగంలోని ఇస్లాంకు అర్థం ఆ పరిమితిలోనే చూడాలనీ చెప్పింది. అదే ఏడాది పార్లమెంటు రాజ్యాంగంలో 121(1ఎ) అనే అధికరణం చేర్చింది. షరియా కోర్టుల పరిధిలోని విషయాల్లో హైకోర్టులకు అధికారం లేదని దాని సారం. ఖాజీ ఇచ్చిన విడాకులను సివిల్ జడ్జి తిరగదోడకుండా ఆపడానికే అన్నారు, అందులో అర్థం ఉంది. కానీ ఒకరు ముస్లిం, ఒకరు కానప్పుడు ఏ కోర్టు? దానికి జవాబు రాయలేదు. ఎవరెస్ట్ బృందం సైనికుడి భార్య చిక్కుకున్నది ఆ ఖాళీలోనే.

మలయ్ ముస్లింలకూ అది సులువేమీ కాదు. గుర్తింపు కార్డులో "ఇస్లాం" తీసేయమని అడిగిన ఒక మలయ్ మహిళకు 2001లో హైకోర్టు జడ్జి చెప్పాడు, మలయ్ నిర్వచనం ప్రకారం ఆమె చచ్చేదాకా ఇస్లాంలోనే ఉండాలని. 2007లో దేశపు అత్యున్నత న్యాయస్థానమైన ఫెడరల్ కోర్టు ఇద్దరికి ఒకరి మెజారిటీతో ఆమె కేసు కొట్టేసింది. షరియా కోర్టు నుంచి పత్రం తెచ్చుకోవాలట. ఇక భర్త రెండో పెళ్ళి, ఆలస్యమయ్యే విడాకులు, రాని భరణం గురించి 1988 నుంచే సిస్టర్స్ ఇన్ ఇస్లాం అనే మహిళల బృందం మాట్లాడుతోంది. వాళ్ళు ఇస్లాం వద్దనలేదు, ఇస్లాంలో న్యాయం ఉంది చూపించండి అన్నారు. కుర్ర వర్గం వదిలిపెట్టిన చర్చ వాళ్ళు మళ్ళీ ఎత్తుకున్నారు.

2018 జనవరి 29న ఫెడరల్ కోర్టు ఐదుగురు జడ్జీలూ ఏకగ్రీవంగా ఒక తీర్పు ఇచ్చారు. ఈపోలో ఒక హిందూ తల్లికి తెలియకుండా, ఇస్లాంలోకి మారిన తండ్రి 2009లో ముగ్గురు పిల్లలనూ మార్చేశాడు. అది చెల్లదు, తల్లిదండ్రులిద్దరి సమ్మతీ కావాలి, ఇలాంటివి పరిశీలించే అధికారం సివిల్ కోర్టుకు ఉంది అని చెప్పారు. అంతకు కొన్ని నెలల ముందే ఇదే రక్షణను పెళ్ళి, విడాకుల చట్టంలో రాయడానికి ప్రభుత్వం 88ఎ అనే సెక్షన్ తెచ్చి, వ్యతిరేకత రాగానే వెనక్కి తీసుకుంది. 2024 ఫిబ్రవరిలో కెలంతన్ షరియా నేర చట్టంలో 16 సెక్షన్లను ఫెడరల్ కోర్టు కొట్టేసింది, అవి రాష్ట్ర జాబితా దాటి వెళ్ళాయని. ఆ రోజు కోర్టు బయట వందల మంది కూర్చుని ప్రార్థనలు చేశారు. వాళ్ళ కంటికి పోతున్నది 16 సెక్షన్లు కాదు, తాతల కాలం నుంచి తమ చేతిలో మిగిలిందనుకున్న ఆ ఒక్క గది.

ఈపో తల్లి కేసులో తండ్రి తీసుకువెళ్ళినప్పుడు చిన్న పాపకు 11 నెలలు. తీర్పు వచ్చి ఏళ్ళు గడిచినా ఆ పాప తల్లి దగ్గరకు చేరలేదు.